మరమ్మతులో ఉన్న పడవ

ఇలారియోన్ చంబీయా తన ఇంటి ముందుగదిలో యుద్ధనౌక కడుతున్నాడన్న సంగతి మా వీధిలో కుక్కలకు కూడా తెలుసు. సముద్రమంటూ లేని దేశంలో, నాలుగువేల మీటర్ల ఎత్తున, మా ఎల్ ఆల్తో ఊరి గాలికి టపటపా కొట్టుకునే రేకుల కప్పు కింద, యుద్ధనౌక! నవ్వరా మరి? నవ్వారు. మొదటి ఏడాది అందరూ నవ్వారు, రెండో ఏడాది సగం మంది నవ్వారు, పదకొండో ఏడు వచ్చేసరికి పక్కింటి గుమెర్సిందో ఒక్కడే మిగిలాడు. అతను మినీబస్సు డ్రైవరు, నోరు ఊరుకోదు.

"అడ్మిరల్ గారూ! సముద్రం ఎప్పుడొస్తోందిట?" అని రోజూ పొద్దున బస్సు తుడుస్తూ గోడమీంచి కేకేసేవాడు.

"నీ బస్సు టైముకొచ్చిన రోజున," అనేవాడు ఇలారియోన్, తల ఎత్తకుండా.

నౌక అంటే ఏదో పిల్లల బొమ్మ అనుకునేరు. అసలు నౌకకి పదో వంతు. ముక్కు నుంచి తోక దాకా రెండున్నర మీటర్లు. గదిలో ఉండేది అదే; మంచం, బీరువా, మనుషులు దాని చుట్టూ సర్దుకుంటారు. గుమ్మం వెడల్పు మొదటి రోజునే కొలిచి పెట్టుకున్నాడు కాబట్టి ఇది బయటికెలా పోతుందని ఎవరూ బెంగపడక్కర్లేదు.

అందులో కొన్న భాగమంటూ ఒక్కటి లేదు. అడుగుదూలం పాత తలుపు చట్రంలోంచి వచ్చింది. పక్కటెముకలు పళ్ళపెట్టెల చెక్క. పైన తొడిగిన రేకంతా పాలపొడి డబ్బాలది. డబ్బాని కోసి, సాపు చేసి, బొమ్మలున్న వైపు లోపలికి తిప్పి బిగించాడు. ఆ ఓడ కడుపులోకి టార్చి వేసి చూస్తే ఆవులు కనిపిస్తాయి. రివిట్లు ఒక్కొక్కటిగా పెట్టాలంటే ఈ జన్మకి అవదు. దర్జీలు గుడ్డమీద చుక్కలు వేసే పళ్ళచక్రం ఉంటుంది చూడండి, దాన్ని రేకు వెనకనుంచి దొర్లిస్తే ఇటు పక్క వరసగా రివిట్లు లేచి నిలబడతాయి. గుండ్రటి కిటికీలకి బూటు లేసు దూర్చే ఇత్తడి కన్నాలు. కటకటాలకి చరాంగో వాయిద్యం తీగలు. ముందు డెక్కు మీద ఒక ఫిరంగి, పాత కుళాయి గొట్టాన్ని ఆకురాయితో అరగదీసి చేసింది. తిప్పితే తిరుగుతుంది, ఎత్తితే లేస్తుంది. ముక్కుకి రెండు వైపులా పేరు రాశాడు: ఖంతాతి. మా ఐమరా మాటలో తెల్లవారు వెలుగు.

ఒక్కటే వెలితి. ఎడమ పక్క వెనకభాగంలో, ప్రాణం మీదికొస్తే దించుకునే చిన్న పడవని వేలాడదీయడానికి రెండు వంకర ఇనుప చేతులు ఉంటాయి. ఆ చేతులున్నాయి, కప్పీలున్నాయి, తాళ్ళున్నాయి. పడవ లేదు.

"ఆ చేతులు ఖాళీగా ఉన్నాయేంటి అడ్మిరల్?" అని గుమెర్సిందో అడిగితే ఇలారియోన్ ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు.

"మరమ్మతులో ఉంది."

అతని భార్య సతుర్నీనా కూడా చిన్న వస్తువులే చేస్తుంది. కానీ ఇద్దరి పనికీ పొత్తు కుదరదు. ఆమె చేసేవి అలసితాలు. అగ్గిపెట్టెంత సూట్‌కేసులు, బొటనవేలంత పంచదార బస్తాలు, గోరంత పాస్‌పోర్టులు. జనవరి ఇరవైనాలుగున, సరిగ్గా పగలు పన్నెండింటికి, లా పాస్ సంతలో జనం వాటిని ఎగబడి కొని, సాంబ్రాణి పొగ పట్టించుకుని పోతారు. ఏది కావాలో దాన్ని చిన్నదిగా చేతిలోకి తీసుకుంటే, ఏడాది తిరిగేలోగా అదే పెద్దదై ఇంటికొస్తుంది. తనకి తాను చేసుకుంటే పనికిరాదు, ఇంకొకరి చేతి మీదుగా రావాలి. పన్నెండంటే పన్నెండే. పన్నెండుంబావుకి కొన్నది వట్టి బొమ్మ.

"నాది నమూనా," అని ఇలారియోన్ మూతి బిగించేవాడు. "జరిగిందాన్ని ఉన్నదున్నట్టు చూపించేది. నీవి కోరికలు."

"అబ్బో. నీది వెనక్కి చూస్తుంది, నావి ముందుకి చూస్తాయి. ఆ మాత్రానికే అంత గీర అక్కర్లేదులే, జిగురు ఇటియ్యి," అనేది సతుర్నీనా.

ఈ ఏడు జనవరి రెండోవారంలో, సూట్‌కేసులకి పిడులు అంటిస్తూ అంటిస్తూ ఆమె చెయ్యి ఆపింది.

"నీవెస్‌కి పోస్టింగొచ్చింది. నీకు చెప్పిందా?"

"చెప్పింది."

"ఇన్నాళ్ళూ స్టోర్సులో కూర్చుని కాగితాలు రాసుకుంది, నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు గస్తీ బోటెక్కి సరస్సు మీదికి పోతోంది. వాళ్ళ నాన్న పోయిన సరస్సు మీదికి. ఇరవైనాలుగో తారీఖు పొద్దున సెలవు మీద ఇంటికొస్తుంది. ఆ పడవ సంగతి నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే మధ్యాహ్నం సంతలో నేను చెప్తా. ఇరవైయొక్కేళ్ళు నీతో పాటు నోరు కుట్టుకున్నానయ్యా. ఇంక నా వల్ల కాదు."

ఇలారియోన్ చరాంగో తీగ కింద పెట్టాడు. "అది నన్ను పెదనాన్నా అని పిలవడం మానేస్తే?"

"మానేస్తే మానేస్తుంది. పదకొండేళ్ళనించీ ఓ ఖాళీ చుట్టూ ఓడ కడుతున్నావు. ఇంక అందులో కొట్టడానికి రివిట్టు కూడా మిగల్లేదు."

నీవెస్ అతని తమ్ముడు లీనో కూతురు. లీనో అసలు ఖంతాతి మీద నావికుడు; సముద్రం లేకపోయినా మా దేశానికి సరస్సు మీద నేవీ ఉంది. అతను పోయేనాటికి పిల్లకి ఎనిమిది నెలలు. తల్లి కుట్టుపనికని బ్వేనోస్ ఐరెస్ వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకుంది. పిల్లల్లేని సతుర్నీనా ఈ పిల్లని చారల అగువాయో గుడ్డలో వీపున కట్టుకుని, నడక వచ్చేదాకా దించలేదు. అలా పెరిగింది నీవెస్. పెరిగి పెరిగి, వద్దంటే వినకుండా, నేవీలోనే చేరింది.

ఇక ఆ పడవ సంగతి. ఇరవైయొక్కేళ్ళ కిందట ఇలారియోన్ తితికాకా సరస్సు ఒడ్డున, తికీనాలో నేవీ వడ్రంగి. ఖంతాతి చిన్న పడవ అడుగున ఒక పలక పుచ్చితే ఊడదీసి పడవని షెడ్డులో పెట్టాడు. కొత్త పలక కోశాడు, ఆవిరి పట్టి వంచాడు, సరిచూశాడు. బిగించి, నీళ్ళు చొరకుండా సందుల్లో దారం కూరడమే తరవాయి. సగం పూట పని. అప్పటికి జనవరి ఇరవైమూడు సాయంత్రం అయింది. మర్నాడు పన్నెండింటికల్లా లా పాస్ సంతలో ఉండాలి. ఆ ఏడు సతుర్నీనా ఇల్లు కోరుకుంది. ఖంతాతి బయల్దేరేది ఇరవైయారున కదా, తిరిగొచ్చి బిగిస్తే సరిపోతుందనుకుని పనిముట్లు సర్దేశాడు. తెల్లారి ఇద్దరూ బస్సెక్కారు. పన్నెండు గంటలు కొడుతుండగా అతను ఆమె చేతిలో ఇల్లు పెట్టాడు. గుప్పెడంత సున్నపు బొమ్మ ఇల్లు, ఎర్ర కప్పు, నీలం తలుపు, ఒక కిటికీ కాస్త వంకర.

సరిగ్గా ఆ పూటే సరస్సు మీద గాలి లేచింది. చేపల పడవ ఒకటి ఆపదలో ఉందని కబురొస్తే ఖంతాతి ఉన్నపళంగా కదిలింది. గాలికి రాతిమీదికి పోయి ఒరిగిపోయింది. తొమ్మిదిమందిలో ఆరుగురు ఎలాగో ఒడ్డుకి చేరారు. లీనో చేరలేదు. ఆ నీళ్ళ చలి ఎంత ఈతగాడికైనా ఎక్కువ గడువు ఇవ్వదు. చిన్న పడవ ఏదని విచారణలో అడిగారు. ఎవరో రాశారు: మరమ్మతులో ఉంది. నిజమే, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎంత పని మిగిలిందని గానీ, ఆ పూట వడ్రంగి ఎక్కడున్నాడని గానీ ఎవరూ అడగలేదు. ఎవరైనా గట్టిగా నాలుగు తిట్లు తిట్టి ఉంటే అతను బతికిపోయేవాడు. ఎవరూ తిట్టలేదు.

ఇల్లు మాత్రం వచ్చింది. సతుర్నీనా మేనమామ ఎల్ ఆల్తోలో జాగా ఇచ్చాడు, చుట్టాలంతా కలిసి ఇటుకలు మోశారు. ఎర్ర రేకు, నీలం తలుపు. మేస్త్రీ ఎవరి మాటా వినకుండా ఒక కిటికీ వంకరగా కూడా పెట్టాడు. ఆ కిటికీ చూసి సతుర్నీనా నవ్వబోయి ఏడ్చేసింది. సున్నపు ఇంటిని బిస్కట్ల డబ్బాలో పెట్టి బీరువా మీదికి తోసేశారు. ఆ తర్వాతే ఆమె ఊళ్ళోవాళ్ళ కోరికలన్నీ తన చేతులతో చేసిపెట్టడం మొదలెట్టింది. తనకంటూ మళ్ళీ ఏదీ కోరలేదు. ఇలారియోన్ మళ్ళీ ఏ జనవరి ఇరవైనాలుగునా సంతకి పోలేదు.

ఇరవైనాలుగు రానే వచ్చింది. సతుర్నీనా చీకటితోనే మూటలు కట్టుకుని సంతకి వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మంలో ఆగి భర్త వంక ఒక్క చూపు చూసింది. తలుపు తెరిచే ఉంచింది. మాకు జనవరి అంటే వానాకాలం; పొగమంచు వీధిలోంచి నెమ్మదిగా లోపలికి వచ్చింది.

ఇలారియోన్‌కి ఒక అలవాటు ఉంది. నేలమీద పక్కకి ఒరిగి పడుకుని, కంటిని నౌక నీటిగీత మట్టానికి తెచ్చుకుని చూస్తాడు. అలా చూస్తే అది పెద్దదైపోతుంది. ఆ రోజు మంచు గదంతా పాకి, సరిగ్గా ఆ గీత దాకా వచ్చి ఆగింది. మంచం లేదు, బీరువా లేదు. కింద ఇటుక నేల లేదు. ఖంతాతి తెల్లటి నీళ్ళమీద తేలుతోంది. పాలడబ్బాల రేకులోంచి ఇంజను చప్పుడు సన్నగా, నిదానంగా వినిపించింది. ఏ ఒడ్డునుంచో రెల్లు తడిసిన వాసన వచ్చింది. వెనక కటకటాల దగ్గర ఎవరో నిలబడి నారింజపండు ఒలుస్తున్నాడు. టోపీ ఎప్పటిలాగే ఓరగా పెట్టుకున్నాడు.

"అన్నా, పడవేదిరా?" అన్నాడు లీనో. వాడు ఎప్పుడూ అన్నని రా అనే పిలిచేవాడు.

"సగం పూట ఆగు తమ్ముడూ. ఒక్క పలకే."

"సర్లే, ఆగుతా. ఇక్కడ టైముకి కొదవేముంది." తొక్కలు ఒక్కొక్కటే మంచులోకి జారవిడిచాడు. అవి మునగలేదు. తేలుతూ వరసగా, గుమ్మం దాటి, వీధిలోకి సాగిపోయాయి. ఇలారియోన్‌కి ప్రాణం హాయిగా ఉంది. లేచి వెళ్ళి వాడి టోపీ సరిచేద్దామనిపించింది. లేస్తే మంచు చెదిరిపోతుందని కదల్లేదు.

"పెదనాన్నా! నేలమీద పడుకున్నావేంటి? నడుం పట్టేస్తుంది, లే!"

గుమ్మంలో నీవెస్ నిలబడి ఉంది. భుజాన సంచీ, ఒక చేతిలో అపీ అనే మొక్కజొన్న జావ గ్లాసులు, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన, జున్ను పెట్టి వేయించిన వేడి పస్తేల్. ముక్కు చలికి ఎర్రబడింది. ఆ నిలబడే తీరు అచ్చం వాడిదే.

"ఏం, ఓడ మునిగిపోతోందా, అలా అంటుకుపోయి చూస్తున్నావు?" అని నవ్వుతూ వచ్చి అతన్ని లేవదీసింది. ఇద్దరూ మంచం అంచున కూర్చుని వంకాయరంగు అపీ ఊదుకుంటూ తాగారు. "ఈసారి కుదరదు, నువ్వు రావాల్సిందే. పన్నెండింటికి పెద్దమ్మ కొట్టు దగ్గరుండాలి. నాకు పోస్టింగొచ్చిందయ్యా, నా చేతిలో ఏదో ఒకటి పెట్టవా? ఏటా ఇరవైనాలుగున నీకు కడుపునొప్పే!"

లేచి నౌక చుట్టూ తిరిగింది. ఫిరంగి మీద గోటితో తట్టింది. వెనక్కి వచ్చి, ఖాళీ ఇనుప చేతుల మధ్య తన వేళ్ళు పెట్టి ఆడించింది. "నా చిన్నప్పట్నించీ ఈ పడవ మరమ్మతులోనే ఉంది. నీలాంటి వడ్రంగి మా బేసులో ఉంటే మేమంతా మునిగిపోయేవాళ్ళం, తెలుసా!"

ఎగతాళికే అంది పాపం. అనేసి వెనక్కి తిరిగి చూస్తే పెదనాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఇలారియోన్ గ్లాసు కింద పెట్టాడు. బీరువా కింది సొరుగు లాగాడు. పాత ఉన్నిచొక్కాలో చుట్టిన దాన్ని తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. పడవ. మూరెడు కంటే తక్కువ, పసిపిల్లంత. పక్కటెముకలు, కూర్చునే బల్లలు, తెడ్ల కొక్కేలు, అన్నీ ఉన్నాయి. నౌక కంటే ముందు, పదకొండేళ్ళ కిందట, అన్నింటికంటే ముందు చేసింది అదే. ఎడమ పక్క అడుగున ఒక్క పలక లేదు. ఆ సందులోంచి ఆమె ఒడి కనిపించింది. సరిపడా కోసి వంచిన పలక పక్కనే ఉంది, దారంతో కట్టి.

అప్పుడు చెప్పాడు. ఇరవైమూడు సాయంత్రం పనిముట్లు సర్దిన దగ్గర్నుంచి చెప్పాడు. బీరువా మీది డబ్బా దించి సున్నపు ఇంటిని చూపించాడు. నీలం తలుపు, వంకర కిటికీ. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. "నేను ఇల్లు కొనుక్కుంటున్న టైముకి మీ నాన్న నీళ్ళలో ఉన్నాడు. మేం పన్నెండు కొట్టేదాకా ఆగి, ఇల్లు కొని, కడుపునిండా భోంచేసి మరీ బస్సెక్కాం."

నీవెస్ పలక లేని సందులో వేలు పెట్టి చూసింది.

"ఎంతసేపు పట్టేది, ఆ పని?"

"సగం పూట."

"పెద్దమ్మకి తెలుసా?"

"పక్కనే ఉంది కదా. ఇవాళ నేను చెప్పకపోతే తను చెప్తానంది."

"ఇద్దరూ ఇద్దరే," అంది. పడవని మంచం మీద పెట్టి, సంచీ కూడా తీసుకోకుండా బయటికి పోయింది.

వడగళ్ళు మొదలైంది అప్పుడే. రేకుల మీద పడితే ఇంక పక్కవాడి మాట కూడా వినిపించదు. ఇలారియోన్ వంకర కిటికీలోంచి చూశాడు. వీధి తెల్లగా అయిపోతోంది. పిల్ల ఏ వైపు పోయిందో అంతుపట్టలేదు. కాసేపటికి గుమెర్సిందో మినీబస్సులో, అన్నింటికంటే వెనక సీట్లో, తల వంచుకుని కూర్చున్న ఆకారం కనిపించింది. గుమెర్సిందోయే తలుపు తీసి ఎక్కించినట్టున్నాడు. డ్రైవరు సీట్లో తను కూర్చున్నాడు, తల వెనక్కి తిప్పకుండా, ఒక్క మాట మాట్లాడకుండా. అంతసేపు నోరు మూసుకున్న గుమెర్సిందోని మా వీధి అంతకుముందెన్నడూ చూడలేదు.

ఇలారియోన్ కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. పోతుందని అనుకున్నాడు. బస్సు కదులుతుంది, అలాగే పోతుంది. పోనీ, హక్కుంది. అయినా మనసు ఊరుకుంటేనా? దేవుడా, ఆ బస్సు కదలనీకు, అని మొక్కాడు. అతను అలసితాల్ని నమ్మడు, చర్చికి వెళ్ళడు. ఎవరికి మొక్కాడో అతనికే తెలీదు.

వడగళ్ళు ఆగాయి. నీవెస్ జుట్టునిండా మంచుగుళ్ళతో లోపలికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"కోపమొచ్చింది," అంది. "ఇంకా పోలేదు. రేప్పొద్దున్నకీ పోదు. ఎప్పటికి పోతుందో నాకు తెలీదు, నన్నడక్కు."

"అడగను."

"టైమెంత?"

"పదకొండుంబావు."

"సగం పూట పనన్నావు. ఇది పదోవంతు పడవే కదా. పన్నెండు లోపల అవుతుందా?"

అతనికి అర్థం కాలేదు.

"నాన్నకి కాదు. నాన్నకి ఇంక పడవతో పనిలేదు. నాక్కావాలి. మా బోటుకి రబ్బరు తెప్పలున్నాయి, లైఫ్‌జాకెట్లున్నాయి, అన్నీ ఉన్నాయి. అయినా కావాలి. సోమవారం నీళ్ళమీదికి పోతున్నా. నన్ను ఖాళీ చేతుల్తో పంపిస్తావా?"

"అది అలసితా కాదు నీవెస్. నమూనా."

"నీ సొరుగులో ఉంటే నమూనా. పన్నెండింటికి నా చేతిలో పెడితే అలసితా. మాటలెందుకు, పని చూడు."

ఇలారియోన్ గమనించాడు. లోపలికొచ్చాక ఇన్ని మాటలంది, ఒక్కసారి కూడా పెదనాన్నా అనలేదు. సరేనని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

పదకొండేళ్ళు ఎండిన పలక బిగుసుకుపోయి ఉంది. వంగదు. కెటిల్ పెట్టి ఆవిరి పట్టాడు, రెండు కొనలూ గుడ్డతో పట్టుకుని కొద్దికొద్దిగా వంచాడు. సందులో పెట్టి చూస్తే గోరంచు తక్కువ వచ్చింది. చెక్క ముడుచుకుపోయింది. "నీళ్ళు తాగితే ఉబ్బుతుంది," అన్నాడు. నీవెస్ గుమ్మంలోంచి గుప్పెడు వడగళ్ళు తెచ్చి పలక మీద పోసింది. అవి కరుగుతుంటే ఇద్దరూ కాసేపు చూస్తూ కూర్చున్నారు.

జిగురు ఆరేంత టైము లేదు. అసలు పడవకి కొట్టినట్టే కొట్టాలి. రాగితీగని గింజలంత మేకులుగా తుంచాడు. ఈ పనికి ఇద్దరు కావాలి. బయటనుంచి ఒకరు మేకు కొడితే, లోపలినుంచి ఇంకొకరు ఇనుపముక్క ఆనించి పట్టుకోవాలి. మేకు కొన దానికి తగిలి మడతపడుతుంది. తికీనా షెడ్డులో ఆ ఇనుపముక్క పట్టుకునేది లీనోయే, డ్యూటీ లేనప్పుడల్లా వచ్చి. ఇలారియోన్ ఆ మాట కూడా చెప్పాడు. నీవెస్ ఇనుపముక్క అందుకుని చెయ్యి పడవ లోపలికి పెట్టింది.

"ఆనించావా?"

"ఊఁ. కొట్టు."

మేకు తరవాత మేకు. మొత్తం పన్నెండు కొట్టాలి. మధ్యలో ఒకటి వంకరపోతే ఇలారియోన్ తిట్టిన తిట్టుకి పిల్ల ఫక్కున నవ్వింది, నవ్వినందుకు వెంటనే మొహం ముడుచుకుంది. సందుల్లో నూలుదారం కూరాడు, పైన కొవ్వు రుద్దాడు. ఇంకొక్క మేకుండగా వీధిలో టపాసులు మొదలయ్యాయి. రేడియోలో గంటలు. ఎక్కడో సైరను. గుమెర్సిందో బస్సు హారను ఆపకుండా మోగిస్తున్నాడు. ఇలారియోన్ ఆఖరి మేకు కొట్టి పడవని రెండు చేతుల్లోకి ఎత్తాడు. ఇరవైయొక్కేళ్ళు పట్టిన సగం పూట పని.

"తీసుకో తల్లీ," అన్నాడు. "మరమ్మతు అయింది."

నీవెస్ రెండు చేతులూ చాపి తీసుకుంది. పెద్దమ్మ ఇంట్లో ఉంచిన మట్టి ధూపపాత్రలో తనే బొగ్గులు రాజేసి, సాంబ్రాణి వేసి, పడవ అడుగున, పక్కలకి, లోపలికి పొగ పట్టించింది. పొగ పోయే సందు ఎక్కడా లేదు. చూసుకుంది.

ఫోను మోగింది. సంత గోలలోంచి సతుర్నీనా గొంతు అరుస్తోంది: "ఏమయ్యా! చెప్పావా లేదా?"

"చెప్పాడు పెద్దమ్మా," అంది నీవెస్. "నువ్వింటికి రా, నీ పని కూడా చెప్తా." అటు పక్కన గోల మధ్య ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఇలారియోన్ అలవాటు కొద్దీ పడవని అందుకుని ఇనుప చేతులకి తగిలించబోయాడు. నీవెస్ పడవని వెనక్కి లాక్కుంది.

"వద్దు. ఆ రోజు అక్కడ పడవ లేదు. నమూనా అన్నావుగా, ఉన్నదున్నట్టే ఉండనీ."

ఆ మధ్యాహ్నం సతుర్నీనా కొట్టుని చెల్లెలికి అప్పగించి, ఉడికిన మొక్కజొన్న, చిక్కుళ్ళు, వేయించిన జున్ను పొట్లం కట్టించుకుని వచ్చింది. పిల్ల పెట్టిన చీవాట్లన్నీ తల వంచుకుని తింది. ఆ తర్వాత ముగ్గురూ మొక్కజొన్న తిన్నారు. సున్నపు ఇంటిని ఎవరూ మళ్ళీ బీరువా ఎక్కించలేదు. అది కిటికీలో ఉండిపోయింది.

ఆదివారం పొద్దున నీవెస్ బయల్దేరింది. సంచీలో పడవ పట్టలేదు. సతుర్నీనా పెట్టె అడుగునుంచి పాత చారల అగువాయో తీసింది, రంగులు వెలిసిపోయి ఉన్నాయి. పడవని అందులో పడుకోబెట్టి, పిల్ల వీపున వేసి, రొమ్ము మీద ముడివేసి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది. మళ్ళీ మంచు వచ్చింది. నీవెస్ వీధి మలుపు దాకా వెళ్ళింది, వీపున పడవ కొన ఒక్కటే కనిపిస్తోంది. ఇలారియోన్ గుమ్మం పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ పిలుపు వినపడలేదు. ఇంక వినపడదని గుండె రాయి చేసుకున్నాడు.

మలుపులో ఆమె ఆగి వెనక్కి తిరిగింది.

"పెదనాన్నా! లోపలికి పో, చలి! ఆ కిటికీ కూడా వేసుకో!"

ఆ కిటికీ ఏనాడూ సరిగ్గా పడదు. ఆ సంగతి పిల్లకీ తెలుసు. అయినా ఇలారియోన్ లోపలికి పరిగెత్తి, దాన్ని రెండు చేతులా నెట్టి, మూయబోయి, అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సోమవారం పొద్దున గుమెర్సిందో బస్సు తుడుచుకుంటూ గోడమీంచి తొంగిచూశాడు. నౌక అలాగే ఉంది, ఇనుప చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"ఏంటి అడ్మిరల్, ఇంకా మరమ్మతేనా?"

"లేదు," అన్నాడు ఇలారియోన్, ఈసారి తల ఎత్తి. "పడవ డ్యూటీకెళ్ళింది."